మధ్యలో ఉన్నవారి జీతమెంత?

అడ్మిషన్ల సీజన్ మొదలైందంటే చాలు, నిజామాబాద్ నుంచి ఆర్మూర్ దాకా ఎక్కడ చూసినా కాలేజీల ఫ్లెక్సీలే. 'హైయెస్ట్ ప్యాకేజీ' ఇంత, 'యావరేజ్ ప్యాకేజీ' ఇంత అని రెండు అంకెలు పెద్దగా కనిపిస్తాయి. కోచింగ్ సెంటర్లదీ అదే దారి. లోన్ తీసుకుని చేరాలా వద్దా, వచ్చిన ఆఫర్ ఒప్పుకోవాలా వద్దా అని ఆలోచించేవారికి ఆ రెండు అంకెలూ పెద్దగా అక్కరకు రావు. మనం అడగాల్సిన మూడో అంకె ఒకటుంది. అదే మధ్యగతం, అంటే మీడియన్. పదో తరగతి లెక్కల్లో సగటు, బాహుళకంతో పాటు చదువుకున్నదే. పరీక్ష రాసి వదిలేశాం.

వేల్పూర్ పసుపు రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు గరిష్ఠంగా ఎంత పలికిందన్నది ఊరంతా తెలుస్తుంది. ఆ ధర ఏ ఒకటి రెండు లాట్లకో దక్కుతుంది. మాట వరసకు ఒకరోజు ఏడు లాట్లు క్వింటాలుకు ఇలా పలికాయనుకుందాం: రూ.10,900, 16,500, 9,800, 11,400, 10,200, 11,200, 10,500. వీటి సగటు రూ.11,500. కానీ అంతకన్నా ఎక్కువ వచ్చింది ఒక్క లాటుకే. మిగతా ఆరూ దానికి తక్కువే. ఇప్పుడు చిన్నదాని నుంచి పెద్దదాకా వరుసలో పెట్టండి. సరిగ్గా మధ్యలో, నాలుగో స్థానంలో రూ.10,900 ఉంటుంది. అదే మధ్యగతం. యార్డుకు వెళ్లే మామూలు రైతు లెక్క వేసుకోవాల్సింది దాని చుట్టే.

ప్లేస్‌మెంట్లలో జరిగేదీ ఇదే. ఒక బ్రాంచిలో తొమ్మిది మందికి ఉద్యోగాలొచ్చాయనుకుందాం. ఏడాదికి లక్షల్లో వాళ్ల ప్యాకేజీలు: 2.8, 3, 3, 3.2, 3.6, 4, 4.4, 6, 24. సగటు 6 లక్షలు. ఫ్లెక్సీ మీద పడేది ఇదే, అంకె అబద్ధం కూడా కాదు. అయితే 6 లక్షలు దాటింది ఒక్కరే. అయిదో స్థానంలో ఉన్న 3.6 లక్షలే మధ్యగతం. పైనున్న 24 లక్షలు రేపు 40 అయినా మధ్యగతం కదలదు, సగటు మాత్రం ఎగిరి కూర్చుంటుంది.

చేసే పద్ధతి

ఆప్టిట్యూడ్ టెస్టుల్లో చాలామంది మార్కులు పోగొట్టుకునేది మొదటి మెట్టు దగ్గరే. అంకెలు ఇచ్చిన వరుసలోనే మధ్యది పట్టుకుంటారు. పైన పసుపు ధరల్ని అలాగే వదిలేస్తే నాలుగోది 11,400, అది తప్పు జవాబు. ముందు వరుసలో పెట్టాలి. ఒకే అంకె రెండుసార్లు వస్తే రెండుసార్లూ రాయాలి. మొత్తం బేసి సంఖ్య అయితే మధ్యలో ఒక్కటే ఉంటుంది. సరి సంఖ్య అయితే మధ్యలోని రెండింటినీ కూడి సగం చేయాలి. ఆ తొమ్మిది మందికి 5 లక్షలతో పదో మనిషి తోడైతే, అయిదో స్థానంలో 3.6, ఆరో స్థానంలో 4 ఉంటాయి. మధ్యగతం 3.8 లక్షలు.

చిన్న జాబితాల్లో ఒక చిక్కుంది. నలుగురి జీతాలు 3, 3, 9, 10 అయితే మధ్యగతం 6. ఆరు లక్షల జీతం అక్కడ ఎవరికీ లేదు! పైథాన్‌లో మామూలు మీడియన్‌తో పాటు మీడియన్ లో, మీడియన్ హై అని విడిగా ఫంక్షన్లు ఉన్నది ఇలాంటి చోట్ల కోసమే. అవి జాబితాలో నిజంగా ఉన్న అంకెనే ఇస్తాయి, ఇక్కడైతే 3, 9. అందుకే మీడియన్ చెప్పినప్పుడు 'ఎంతమందిలో?' అని కూడా అడగండి. పది మంది లోపైతే పేర్లు తీసేసి మొత్తం జాబితానే చూపించమనండి.

జాబితాలో లేనివారు

అసలు మెలిక ఇక్కడుంది. ఆ తొమ్మిది మందితో పాటు ఉద్యోగం కోసం తిరిగి, రాని ఆరుగురు కూడా ఉన్నారనుకోండి. వాళ్లకు సున్నా వేసి చూస్తే 15 మందిలో ఎనిమిదో స్థానం 3 లక్షలు. రానివారు సగానికి మించితే మధ్యగతం సున్నాయే. ఎక్సెల్‌లో వాళ్ల గడిని ఖాళీగా వదిలేస్తే మీడియన్ ఫార్ములా వాళ్లను లెక్కలోకే తీసుకోదు, సున్నా వేస్తే తీసుకుంటుంది. ఒక్క గడిలో ఏం పెట్టామన్న దాన్ని బట్టి కాలేజీ బొమ్మే మారిపోతుంది. పై చదువులకు వెళ్లినవారికి సున్నా వేయడం మాత్రం న్యాయం కాదు. వాళ్లను విడిగా చూపాలి.

ఈ పాఠం వేల్పూర్‌కు కొత్త కాదు. 2001లో ఈ మండలం బాల కార్మికులు లేని మండలంగా పేరు తెచ్చుకుంది. బడిలో ఉన్న పిల్లల హాజరు చూసి సంతోషిస్తే ఆ పని అయ్యేది కాదు. బడి బయట ఎవరున్నారో వెతికి లెక్క తీయడంతోనే అది మొదలైంది. ప్లేస్‌మెంట్ లెక్కకూ ఆ నిజాయితీ కావాలి.

ఈ వివరాలు దొరకవని అనుకోవద్దు. కేంద్ర విద్యా శాఖ ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం కాలేజీలు పంపే డేటాలో ఎంతమంది చేరారు, ఎంతమంది సమయానికి పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, వారి మీడియన్ జీతమెంత, పై చదువులకు ఎంతమంది వెళ్లారు అన్నవన్నీ ఉంటాయి. పాల్గొన్న కాలేజీలు దాన్ని తమ వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఫ్లెక్సీ పక్కన పెట్టి ఆ పట్టిక తెరవండి. అక్కడి మీడియన్ ఉద్యోగం వచ్చినవారిదే కాబట్టి, పాసైనవారి సంఖ్య పక్కన పెట్టి చదవండి. పట్టిక లేని చోట సీనియర్లను అడిగి మీరే ఒక షీట్ తయారు చేయండి. అందరిదీ సీటీసీ అయితే సీటీసీ, చేతికొచ్చేదైతే చేతికొచ్చేది. రెండూ కలపొద్దు. స్టైపెండ్‌ను జీతంలో కలపొద్దు.

'నేను ఆ 24 లక్షల మనిషిని ఎందుకు కాకూడదు?' అని అడగొచ్చు. తప్పకుండా కావచ్చు, దానికోసం చదవండి. ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ మాత్రం మధ్యలోని జీతంతో కట్టగలమా లేదా చూసుకునే తీసుకోండి. ఆశ పైఅంకె మీద పెట్టుకోవచ్చు, అప్పు మాత్రం మధ్య అంకె మీదే లెక్కవేయాలి.

ఇంకో మాట. 3.6 లక్షల ఆఫర్ చేతిలో పట్టుకుని, సగటు 6 అంటున్నారు, నేనే వెనకబడ్డానని కుంగిపోయేవాళ్లు ప్రతి క్యాంపస్‌లో ఉంటారు. ఇంట్లో చెప్పడానికి కూడా మొహమాటపడతారు. ఆ తొమ్మిది మంది జాబితా మళ్లీ చూడండి. 3.6 దగ్గర ఉన్న విద్యార్థి ఎవరి వెనకా పడలేదు. నలుగురు కింద, నలుగురు పైన. సరిగ్గా మధ్యలో ఉన్నాడు. అక్కడి నుంచి పైకి వెళ్లడానికి ఏం నేర్చుకోవాలన్నదే ఇక ఆలోచించాల్సిన విషయం.