పటంలో పువ్వు – మనలో బంధం



వార్షికోత్సవానికి డ్రాయింగ్ పోటీ పెడితే ఎక్కువ చార్టుల మీద గులాబీ, లేదంటే తామర పువ్వు కనిపిస్తుంది. మొగుళ్లపల్లి చేన్ల గట్ల మీద మనం చూస్తూ పెరిగిన గునుగు, తంగేడు మాత్రం కనిపించవు. మన పువ్వు బొమ్మకు పనికిరాదని మనకు ఎవరు చెప్పారు?

పాత వరంగల్ జిల్లాలో ఉండి, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో చేరిన చేర్యాల నకాషీ పటాలను చూడండి. ఖాదీ గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రని రంగు మీద కథ గీస్తారు. ఒక ఘట్టానికీ ఇంకో ఘట్టానికీ నడుమ పూల అంచు వేస్తారు. ఆ అంచు కథను విడదీస్తూనే కలుపుతుంది. ఇలాంటి పటాలు చూపిస్తూనే డక్కలివారు మాదిగలకు జాంబపురాణం, కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పారు. బడి గడప తొక్కని మన తాతలకు ఆ పటమే పుస్తకం.

సిద్దిపేటలో 1925లో పుట్టి 2012లో కన్నుమూసిన కాపు రాజయ్య ఆ నకాషీ పద్ధతిని తన చిత్రాల్లోకి తెచ్చుకొని బతుకమ్మను గీశారు. ఒక్క పువ్వుతో బతుకమ్మ కాదు, ఒక్క మనిషితో ఆట సాగదు. బంధానికి ఇంతకన్నా మంచి గుర్తు ఎక్కడ దొరుకుతుంది?

అయితే ఒక మాట దాచకూడదు. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. అయినా కొన్ని ఊళ్లలో నేటికీ ఊరి బతుకమ్మ వేరు, వాడ బతుకమ్మ వేరు. పూలన్నీ అవే గట్ల మీద కోసినవి. పేర్చేటప్పుడు గునుగు పువ్వును కులం అడగం. ఆడే చోట మనిషిని అడుగుతాం. అలాగని బొమ్మలోని ఆ వలయం అబద్ధమా? కాదంటాం మేము. అది ఊరు మనకు తీర్చాల్సిన బాకీ.

ఆ బాకీ గుర్తు చేసే హక్కు హాస్టల్ పిల్లలకే ఎక్కువ. వేర్వేరు వాడల నుంచి వచ్చి, పక్కపక్కన ట్రంకుపెట్టెలు పెట్టుకొని, ఒకే పప్పుచారు తిన్నవాళ్లం. మా ఇండ్లలో మొదటి డిగ్రీలు మావే. ఆ చదువు వెనుక సీనియర్ ఇచ్చిన పాత పుస్తకం ఉంది, జ్వరమొస్తే పక్కన కూర్చున్న తోటి పిల్లవాడు ఉన్నాడు.

అందుకే మా సూచన ఒకటి. ఈ ఏడు భోజనశాల గోడ మీద ఒక పెద్ద బతుకమ్మ గీద్దాం. గదికో వరుస. రంగుల ఖర్చు పూర్వ విద్యార్థులం పెట్టుకుంటాం. తమ్ముళ్లూ, కుంచె పట్టండి. మొదటి వరుస తంగేడుదే కావాలి!