వికారాబాదు - తాండూరు మజిలీల పందెము

సైకిలు పందెమనగా పనిలేని కుఱ్ఱవాండ్ర వినోదమని తలంచు పెద్దలు మన పట్టణములందు ఇంకను కలరు. వికారాబాదు, తాండూరుల నడుమ మూడు దినములపాటు సాగు పందెమొకటి ప్రజలే జరుపుకొనవలెనని మేము సూచించినచో వారు నవ్వుదురని యెరుగుదుము. అయినను ఈ సూచన చేయుచున్నాము. ఏలయన, ఇట్టి పందెము కాళ్ళ బలమును మాత్రమే పరీక్షించునది గాదు. ఒక ప్రాంతపు ప్రజలు ఒక కార్యమును తమంతట తాము క్రమముగ నిర్వహింపగలరా యనుటకును అది పరీక్షయే.

మజిలీల పందెమున దినమున కొక మజిలీ. ప్రతిదినమును ఎవరెంత కాలములో చేరిరో వ్రాసి, తుదకు కాలములన్నియు కూడగా ఎవరి మొత్తము స్వల్పమో వారే విజేతలు. కావున ఏ మజిలీయందును మొదట రానివాడును, నిలుకడగలవాడైనచో గెలువవచ్చును. 1903లో ఫ్రాన్సు దేశమున ఒక వార్తాపత్రిక యారంభించిన పందెమే వీనిలో మిక్కిలి ప్రసిద్ధము. ఆ యేట 60 మంది బయలుదేరగా 21 మంది మాత్రమే తుదముట్టిరి. ఐర్లండు ఉదాహరణము మనకు మరింత దగ్గర. అచట 1953లో రెండు దినములకై మొదలయిన 'రాస్' అను పందెము మరుసటి యేడే ఎనిమిది దినములకు పెరిగెను. దానిని చిరకాలము మోసినవారు స్వచ్ఛంద సేవకులు, రాత్రికొకటిగ ఆతిథ్యమిచ్చిన చిన్న పట్టణములును.

మన ప్రాంత మందులకు తగినదే. వికారాబాదు దాటగనే మూసీనది పుట్టిన అనంతగిరి. ఆ యెక్కుడు దిగుడుల పిమ్మట ధారూరు. అటుపైని కంది చేలు, నాపరాతి గనులు, తాండూరు. దారి సుమారు 40 కిలోమీటర్లు. రెండు పట్టణములను రైలుమార్గము కలుపుచున్నది గనుక సేవకులు రాకపోకలు జరుపుటయు సులభము.

అయితే దారి సుందరమైనంత మాత్రమున క్షేమకరము గాదు. ఈ ప్రాంతపు రోడ్లమీద సిమెంటు, నాపరాయి, కంకర మోయు లారీలు రేయింబవళ్ళు నడచుచున్నవి. 2025 నవంబరు 3వ తేదీని చేవెళ్ళ దగ్గరి మీర్జాగూడవద్ద, తాండూరునుండి హైదరాబాదునకు పోవుచున్న ఆర్టీసీ బస్సును కంకర టిప్పరు ఢీకొనగా పందొమ్మిదిమంది మరణించిరి. ఆ దుఃఖము తాండూరు ఇండ్లలో ఇంకను చల్లారలేదు. ఇట్టిచోట పందెమేమిటని యడుగువారిని మేము తప్పుపట్టజాలము. వారికి మా సమాధానమిది: కొడంగలు, పరిగి మీదుగ చుట్టివచ్చుట ముచ్చటయే గాని, అది ఆ హైదరాబాదు - బిజాపురము రహదారియే. మొదటి యేడు దానిని విడువవలెను. తాండూరునకు పోవుట ఒక మజిలీ, తిరిగివచ్చుట ఒక మజిలీ, అనంతగిరి యెక్కుడును ఒక్కొక్కరుగ గడియారముతో పోటీపడి యెక్కుట మూడవది. ఇంతకు మించి ఆశపడరాదు.

ఇక సేవకుల లెక్క. కిలోమీటరునకు ఇద్దరు చొప్పున 80 మంది కావలెను. కూడళ్ళకును, పట్టణ వీధులకును మరి 40 మంది. మొత్తము 120 మంది యీలలతో, ఎఱ్ఱజెండాలతో నిలువవలెను. అంతమంది దొరకనినాడు పందెమును మానుకొనవలెనే గాని, దైవముమీద భారము వేసి నడుపరాదు. ఏ యూరి దారిని ఆ యూరివారే కాయుట మేలు. ఏ మలుపున గేదెలు దాటునో, ఏ బాటనుండి ట్రాక్టరు హఠాత్తుగ వచ్చునో వారికి దెలిసినంత ఇతరులకు దెలియదు. కాలము వ్రాయుటకు నిమిషము విలువ యెరిగిన విశ్రాంత రైల్వే ఉద్యోగులకన్న తగినవారెవరు? పోలీసుల యనుమతి, ఆ ఉదయములందు లారీలను నిలుపుట, అంబులెన్సు, వెనుకబడినవారిని ఎక్కించుకొను బండి - ఇవి ముందుగ కుదిరిన పిమ్మటనే తేదీ ప్రకటింపవలెను.

భూస్వాములకును ఒక మనవి. నూర్పిడి దినములలో ధాన్యము రోడ్డుమీద ఆరబోయుట మనవారి కలవాటు. కాబట్టి రైతుల నడిగియే తేదీ నిర్ణయింపవలెను. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది యింటికి చేరిన పిదప పందెము పెట్టినచో ఎవరికిని నష్టము లేదు. మామూలు సైకిలుపై బడికి పోవు పల్లె బాలురకును, బాలికలకును వేరు బహుమానము లుండవలెను. వేలు, లక్షలు ఖరీదుచేయు బండ్లవారికే పరిమితమైన పందెము మన పందెము గాజాలదు. చందా యిచ్చినవారికి పైసలతో లెక్క చూపవలెను. వేదికపై నాయకుల రాకకై పందెగాండ్రను ఎండలో నిలుపరాదు.

పందెము మూడు దినములలో ముగియును. మిగులవలసినది ఆ 120 మంది. మూడు ఉదయములు దారిని కాచినవారు బడి విడుచు వేళ ఒక్క కూడలిని కాయలేరా? గోతులెచ్చట నున్నవో వ్రాసి అధికారులకు పంపలేరా? పందెగానికొక ఉదయము దొరకిన భద్రత పాఠశాల బాలునకు ప్రతిదినము దొరకనిచో, ఆ పందెము వట్టి వేడుకయే. కావున ఉభయ పట్టణముల పెద్దలు బహుమానముల పట్టికకు ముందు సేవకుల పట్టికను వ్రాయ మొదలిడుదురు గాక.