తేనెపిట్టకు అరువు పేరెందుకు?

తిరుత్తణి, తిరువళ్ళూరు ప్రాంతములలో మందారచెట్టున్న పెరటికి ఉదయముననే వచ్చి, వంకర ముక్కును పూవులలో దూర్చు చిరుపిట్టను చూడని బాలబాలికలు అరుదు. దాని పేరడిగినచో మాత్రము మన విద్యార్థులలో పలువురు హమ్మింగ్ పక్షి యనుచున్నారు. పెద్దలును అట్లే చెప్పుట మేము వినియున్నాము. ఈ పొరపాటును ఉపేక్షింపరాదని మా అభిప్రాయము.

హమ్మింగ్ పక్షులు అమెరికా ఖండములలో తప్ప లోకమున మరెచ్చటను లేవు. అందును దక్షిణ అమెరికాలోనే వాని జాతులు మెండు. అవి పూవు ముందు గాలిలో నిలిచియే తేనె త్రాగును, వెనుకకును ఎగురగలవు. రెక్కల విసురున పుట్టు ఝుంకారమే ఆ పేరునకు కారణము. అన్నిటికంటె విచిత్రము వాని నిద్ర. పేరూ దేశపు ఆండీస్ పర్వతములపై చలిరాత్రులలో అవి దేహపు వేడిని తగ్గించుకొని మొద్దుబారి యుండును. ఒక జాతి పక్షి దేహము సుమారు 3 డిగ్రీల సెంటీగ్రేడు వరకు చల్లబడినట్లు 2020లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. తెల్లవారగనే అది మరల వేడెక్కి ఎగిరిపోవునట!

మన తేనెపిట్ట కుటుంబము వేరు. ఆహారము ఒక్కటియగుటచే రెండింటికిని పొడవు ముక్కు విడివిడిగా ఏర్పడినదే కాని, దగ్గర చుట్టరికము లేదు. ఇది సాధారణముగా కొమ్మపై కూర్చుండియే తేనె గ్రోలును. ఆడపిట్ట నారపీచులను, ఎండుటాకు ముక్కలను సాలెపట్టు దారములతో కూర్చి సంచివంటి గూడు వ్రేలాడదీయును. ద్వారముపై చిన్న చూరు సైతము అమర్చును. సామాన్యముగా రెండు గ్రుడ్లు పెట్టును. పిల్లలకు పురుగులను, సాలీళ్ళను మేపును. మామిడిచెట్లపై పెరుగు బదనిక పూవుల పుప్పొడిని చేరవేయునదియు ఇదియే. (తోట యజమానులకు ఈ గుణము రుచింపకపోవచ్చును.)

తెలుగున తేనెపిట్ట, తమిళమున తేన్‌చిట్టు. రెండు భాషలును తేనెనే పట్టుకొన్నవి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మదరాసు రాష్ట్రమున చేరినది మొదలు ఇచ్చటి మన పిల్లలు ఈ రెండు భాషల నడుమనే పెరుగుచున్నారు. రెండు పేర్లును నేర్చుకొన్నచో లాభమే. రెంటిని విడిచి ఆండీస్ పక్షి పేరును దీనికి తగిలించుట మాత్రము మాకు సమ్మతము కాదు. ఆ పేరుతో పుస్తకము తెరచిన బాలుడు వెనుకకు ఎగురు పక్షిని గూర్చి చదివి, దానికై పెరడంతయు వెదకి విసుగుచెందును. కన్నుల యెదుటి గూటిని గమనింపడు.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. వసారాలోని తీగెకు చెత్తపోగువలె ఏదేని వ్రేలాడుచున్నచో వెంటనే దులిపివేయకుడు. పిల్లలను పిలిచి దూరము నుండియే చూపుడు; పేరును చెప్పుడు.