తాగనివాడికీ కాలేయ జబ్బే!

టాస్మాక్ గడప తొక్కని మనిషికి కాలేయం చెడిందంటే ఊళ్లో ఒక పట్టాన నమ్మరు. స్కానింగులో ప్లీహం పెరిగిందని తేలగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న 'మందు అలవాటుందా?' అనే. లేదంటే ఇంట్లోవాళ్లే అనుమానంగా చూస్తారు. పుట్టుకతోనే రోగనిరోధక శక్తి కొరవడినవారికి ఈ నింద అదనపు శిక్ష.

ఇది పిల్లల జబ్బని చాలామంది అనుకుంటారు. 1952లో అమెరికా వైద్యుడు బ్రూటన్ తొలిసారి గుర్తించిందీ ఎనిమిదేళ్ల బాలుడిలోనే. కానీ యాంటీబాడీలు చాలినన్ని తయారుకాని సీవీఐడీ అనే రకం ఎక్కువగా ఇరవై దాటాకే బయటపడుతుంది. మాటిమాటికీ న్యుమోనియా, సైనస్, తెగని విరేచనాలు దాని గుర్తులు. మేనరికాలు ఎక్కువైన మన ఇళ్లలో మరికొన్ని రకాల లోపాలకూ ఆస్కారముంది.

ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించడం మొదలయ్యాక అంటురోగాల చావులు తగ్గాయి. కాలేయాన్ని మాత్రం అది పూర్తిగా కాపాడలేకపోతోంది. సీవీఐడీ ఉన్నవారిలో సుమారు పదిమందిలో ఒకరికి కాలేయం దెబ్బతింటుంది. లోపలి సన్నని రక్తనాళాలు పాడై, కణాలు చిన్నచిన్న ఉండలు కడతాయి. సిర్రోసిస్ కాకపోయినా పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగి కడుపులో నీరు చేరవచ్చు, రక్తపు వాంతులూ కావచ్చు. స్కానింగు దీన్ని సిర్రోసిస్‌గా పొరబడొచ్చు. తేల్చేది బయాప్సీయే.

విచిత్రమేమంటే, ఆధారం చాలాసార్లు రోగి చేతిలోని కాగితంలోనే ఉంటుంది. లివర్ ఫంక్షన్ టెస్టులో బిలిరుబిన్ చూసి పక్కన పడేస్తాం. కింద గ్లోబులిన్ అనే వరుస ఒకటుంటుంది. మామూలు సిర్రోసిస్‌లో అది తరచూ పెరుగుతుంది. యాంటీబాడీలు లేనివారిలో పడిపోతుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎక్కువ, గ్లోబులిన్ తక్కువ ఉంటే ఇమ్యునోగ్లోబులిన్ల పరీక్ష రాయడానికి ఎంతసేపు పడుతుంది?

ఇంకో చిక్కు. హెపటైటిస్ సికి సాధారణంగా చేసేది యాంటీబాడీ పరీక్ష. యాంటీబాడీలే తయారుకాని ఒంట్లో అది వైరస్ ఉన్నా లేదనొచ్చు. ఎక్కించిన ఇమ్యునోగ్లోబులిన్ వల్ల లేకున్నా ఉందనొచ్చు. కాబట్టి నేరుగా వైరస్‌నే వెతికే పీసీఆర్ చేయాలి. 2018లో మొదలైన జాతీయ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలూ మందులూ ఉచితమే. 1994లో అమెరికాలో ఒక ఇమ్యునోగ్లోబులిన్ వల్ల హెపటైటిస్ సి సోకి, దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్న మాట నిజం. తర్వాత వైరస్‌ను నశింపజేసే ప్రక్రియలు చేర్చారు. ఆ భయంతో ఇప్పుడు చికిత్స మానుకోవడం తప్పు.

నీళ్ల సంగతీ చెప్పాలి. 2013లో వచ్చిన హొగెనకల్ పథకం ఫ్లోరైడ్ బాధ తగ్గించడానికి. క్లోరిన్‌కు లొంగని క్రిప్టోస్పోరిడియం అనే క్రిమి మరో సమస్య. హైపర్ ఐజీఎం అనే లోపమున్నవారిలో అది పిత్తనాళాలను పాడుచేస్తుంది. కాబట్టి ఏ కుళాయి నీళ్లైనా మరగకాచే తాగాలి.

2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో ఇమ్యునోగ్లోబులిన్ చికిత్సకూ చోటు దక్కింది. 2022లో సాయం గరిష్ఠంగా రూ.50 లక్షలకు పెరిగింది. కానీ ఆ సాయం అందేది పెద్ద నగరాల్లోని ఎంపిక చేసిన కేంద్రాల ద్వారా. మూడు నాలుగు వారాలకోసారి, జీవితాంతం ఎక్కించుకోవాల్సిన మందు కోసం కూలిమనిషి ఎన్నిసార్లు బస్సెక్కుతాడు? నగరంలో పేరు నమోదై, మందు ధర్మపురి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోనే ఎక్కించేలా ఆరోగ్యశాఖ ఏర్పాటు చేయాలి. ఆర్నెల్లకోసారి కాలేయ పరీక్ష, ఏటా స్కానింగు అక్కడే జరగాలి.