తిరిగి వెళ్లడానికీ ఒక కాగితం ఉంది

శంషాబాద్ విమానాశ్రయంలో ఒక రాత్రి మా సంఘానికి చెందిన ఒక తల్లిని బోర్డింగ్ పాస్ ఇచ్చే కౌంటరు దగ్గరే ఆపేశారు. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను, గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. చేతిలో టికెట్టు ఉంది, పాస్‌పోర్టు ఉంది, అమెరికా గ్రీన్ కార్డు ఉంది. కార్డు గడువు ఇంకా ఆరేళ్లుంది. కౌంటరులోని అమ్మాయి కార్డు తిప్పి చూసి, "అక్కడి నుంచి వచ్చి ఎన్నాళ్లయిందమ్మా?" అని అడిగింది. పద్నాలుగు నెలలు అని ఆమె ఉన్నదున్నట్టు చెప్పారు. "రీ-ఎంట్రీ పర్మిట్ ఉందా?" ఆ మాట ఆమె వినడం అదే మొదటిసారి. మనవల కోసం పెట్టిన పచ్చళ్ల డబ్బాలతో సహా రెండు సూట్‌కేసులూ తెల్లవారేసరికి ఇంటికి తిరిగొచ్చాయి. పొద్దున్నే నాకు ఫోన్ చేసి ఆమె అడిగిన మాట ఒక్కటే: "అయ్యగారూ, నేనేం తప్పు చేశాను?"

ఆమె తప్పేమీ చేయలేదు. భర్తకు పక్షవాతం వచ్చిందని తెలిసి పరుగున వచ్చారు. ఎనిమిది నెలలు మంచం దగ్గరే ఉండి సేవ చేశారు. భూస్థాపన అయ్యాక ఫ్యామిలీ పెన్షన్ కాగితాల కోసం ట్రెజరీ చుట్టూ తిరిగారు, ఇల్లు తన పేరుకు మార్పించుకున్నారు. ఈ పద్నాలుగు నెలల్లో ఏ నెల అనవసరంగా ఉన్నారని అడిగితే నేను చెప్పలేను. కానీ అమెరికా చట్టం కారణాల దాకా రావడానికి ముందే నెలల లెక్క చూస్తుంది.

ఆ లెక్క ఇదీ. గ్రీన్ కార్డు ఉన్నవారు అమెరికా బయట ఏడాదిలోపు ఉంటే ఆ కార్డు చూపించి తిరిగి వెళ్లవచ్చు. ఏడాది నిండితే, కార్డు మీద ఎన్నేళ్ల గడువు మిగిలి ఉన్నా, ప్రవేశ పత్రంగా అది పనికిరాదు. ఏడాది దాటి ఉండవలసి వస్తుందని ముందే అనిపిస్తే రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి. దానికి ఐ-131 అనే ఫారం ఉంది. 2024 ఏప్రిల్ నుంచి రుసుము 630 డాలర్లు. పర్మిట్ సాధారణంగా రెండేళ్లు చెల్లుతుంది, పొడిగింపు ఉండదు. అయితే మెలిక ఇక్కడుంది: దరఖాస్తు పెట్టే రోజున ఆ మనిషి అమెరికా నేల మీద ఉండాలి. ఇక్కడికి వచ్చేశాక గుర్తొస్తే చేయగలిగింది ఏమీ లేదు.

ఎందుకు గుర్తుండదో కూడా చెప్పాలి. సౌదీలో పనిచేసిన మన కోనసీమ, కడప తమ్ముళ్లను అడగండి. సెలవు మీద రావాలంటే ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా కావాలని ప్రతివారికీ తెలుసు, అది లేకపోతే విమానాశ్రయం దాటనివ్వరు. అమెరికాలో అలా కాదు. దేశం విడిచి వెళ్లేవారి పాస్‌పోర్టు మీద ముద్ర వేసే కౌంటరే అక్కడ ఉండదు. కొడుకు కారులో దింపుతాడు, కన్నీళ్లతో చెయ్యి ఊపుతాడు, తల్లి విమానం ఎక్కుతుంది. బయటికి వెళ్లే దారి తెరిచే ఉంటుంది కాబట్టి, లోపలికి వచ్చే దారికి అనుమతి కావాలన్న ఆలోచనే రాదు.

రెండో రకం నష్టం ఇంతకంటే చప్పుడు లేకుండా జరుగుతుంది. తల్లిదండ్రులు విజిటర్ వీసా మీద వెళ్తారు. పౌరసత్వం వచ్చిన కొడుకో కూతురో అక్కడే వారికి గ్రీన్ కార్డు దరఖాస్తు పెడతారు. దాన్ని ఐ-485 అంటారు. అది తేలేలోగా ఊరి నుంచి ఫోన్ వస్తుంది: పెద్దన్నయ్య పోయాడు. మన దగ్గర ఫ్రీజర్ బాక్సులో మహా అయితే రెండు మూడు రోజులు ఉంచుతాం. కడసారి చూపు కోసం దొరికిన టికెట్టు కొనుక్కుని ఎక్కేస్తారు. అడ్వాన్స్ పెరోల్ అనే ప్రయాణ అనుమతి చేతికి రాకుండా దేశం దాటితే, ఆ దరఖాస్తును వదులుకున్నట్టే లెక్కగడతారు. కట్టిన ఫీజులు పోతాయి, చేయించిన వైద్య పరీక్షలు పోతాయి, మళ్లీ మొదటికి రావాలి. హెచ్-1, ఎల్-1 వీసాల మీద సక్రమంగా ఉన్న ఉద్యోగులకూ, వారి మీద ఆధారపడి అవే హోదాల్లో ఉన్న భార్యాభర్తలకూ, పిల్లలకూ ఇందులో మినహాయింపు ఉంది. చిక్కంతా అక్కడే వచ్చింది. "మా ఆఫీసులో అందరూ వెళ్లి వస్తున్నారు, ఏమీ కాదు" అని కొడుకు ధైర్యం చెబుతాడు. ఆ మినహాయింపు ఆఫీసువాళ్లది. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు అది వర్తించదు.

ఈ అడ్వాన్స్ పెరోల్‌ను అత్యవసరంగా అడిగే మార్గం కూడా ఉంది. మరణమో, తీవ్రమైన జబ్బో అయితే ఇమిగ్రేషన్ శాఖ ఫోను కేంద్రానికి చెప్పి, దగ్గరలోని వారి కార్యాలయంలో సమయం అడగవచ్చు. ఆసుపత్రి లేఖో మరణ ధ్రువపత్రమో చూపించాలి. ఇవ్వడం ఇవ్వకపోవడం వారి ఇష్టం, అయినా అడిగితే దొరికినవారున్నారు. ఇలాంటి కబురు అమెరికాకు చేరవేసే బంధువులు, అదే గంటలో ఆసుపత్రి డాక్టరు సంతకంతో ఒక కాగితం ఫొటో తీసి పంపితే ఎంతో మేలు. చావు కబురు చెప్పే నోటితో కాగితం సంగతి ఎలా మాట్లాడతామని మొహమాట పడతాం. ఆ మొహమాటం పక్కన పెట్టాలి.

ఇవన్నీ కొత్త చట్టాలు కావు. కొత్తగా వచ్చింది కాఠిన్యం. 2025 మార్చిలో అమెరికా విమానాశ్రయాల నుంచి వచ్చిన వార్తలు చాలామంది చదివే ఉంటారు. చలికాలం ఇండియాలో గడిపి తిరిగి వెళ్లిన వృద్ధులను గంటల తరబడి ప్రశ్నించి, ఐ-407 ఫారం మీద సంతకం పెట్టమని ఒత్తిడి చేస్తున్నారని అక్కడి ఇమిగ్రేషన్ న్యాయవాదులు చెప్పారు. నివాస హక్కును నా ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను అని చెప్పే ఫారం అది. ఇష్టపూర్వకం అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. సంతకం పెట్టనని చెప్పే హక్కు ఉంది. పెట్టకపోతే విషయం ఇమిగ్రేషన్ జడ్జి ముందుకు వెళ్తుంది, హక్కు వదులుకున్నారని రుజువు చేయవలసిన భారం ప్రభుత్వం మీద ఉంటుంది. ఇరవై గంటలు ప్రయాణం చేసి, షుగరు మాత్ర వేసుకునే వేళ దాటిపోయి, ఇంగ్లీషు సరిగా రాని డెబ్బై ఏళ్ల మనిషికి ఆ గదిలో ఇదంతా గుర్తుకొస్తుందా? రాదు. బయలుదేరక ముందే ఇంట్లో కూర్చోబెట్టి తెలుగులో చెప్పాలి.

"ఆరు నెలలకోసారి వెళ్లి ముఖం చూపించి వస్తే చాలు" అన్న మాట మన సంఘాల్లో ఒక ఆజ్ఞలా చెలామణీ అవుతోంది. అలాంటి నియమం ఎక్కడా లేదు. 180 రోజులు దాటితే కొత్తగా ప్రవేశం కోరుతున్నవారిలా చూసి ప్రశ్నిస్తారన్నది నిజం. దాటకపోయినా, ఏళ్ల తరబడి ఐదున్నర నెలలు ఇక్కడ, రెండు వారాలు అక్కడ అన్నట్టు తిరిగితే, మీ ఇల్లు ఏది అని అడుగుతారు. పర్మిట్ ఉన్నా ఆ ప్రశ్న తప్పదు. గ్రీన్ కార్డు సందర్శకుల వీసాకు పెద్దన్న కాదు. నేను ఇక్కడ నివసిస్తాను అని ఒక దేశానికి ఇచ్చిన మాట అది.

ఇక్కడే పిల్లలతో ఒక సంగతి చెప్పాలనుంది, కాస్త కటువుగా ఉన్నా. మీ అమ్మానాన్నలు అక్కడ నివసించాలనుకుంటున్నారా? అడిగారా? మీకు పౌరసత్వం రాగానే దరఖాస్తు పెట్టేశారు, ప్రేమతోనే పెట్టారు. వారికేమో తెనాలిలో ఇల్లుంది, ఆదివారం తాము కూర్చునే బల్ల ఉంది, రోజూ పలకరించే పక్కింటివారున్నారు. ఏడాదికి రెండు మూడు నెలలు మనవల దగ్గర ఉండాలన్నదే వారి కోరిక అయితే, పదేళ్ల విజిటర్ వీసా సరిపోతుంది. గ్రీన్ కార్డును తమంతట తాముగా, తీరిగ్గా, అదే ఐ-407 ద్వారా అప్పగించి విజిటర్ వీసాకు దరఖాస్తు చేసుకున్న పెద్దలున్నారు. వీసా ఇస్తారన్న హామీ ఏదీ లేదు, నిజమే. అయినా ఆలోచించి ఇంట్లో పెట్టే సంతకం వేరు, భయపడి విమానాశ్రయంలో పెట్టే సంతకం వేరు.

నెహెమ్యా షూషను కోట నుంచి బయలుదేరే ముందు రాజు అతన్ని అడిగినవి రెండే: ప్రయాణం ఎన్నాళ్లు, తిరిగి ఎప్పుడొస్తావు. నెహెమ్యా గడువు చెప్పాడు, నది అవతలి అధికారులకు తాకీదులు అడిగి మరీ పుచ్చుకున్నాడు. ఉపవాసముండి ప్రార్థించిన మనిషే కాగితాలూ అడిగాడు. మన సాక్ష్య కూడికల్లో వీసా వచ్చిన కథలు చాలా వింటాం. ఆ వీసా షరతులు చదివి వినిపించినవారు మాత్రం అరుదు.

మా సంఘంలో ఈ మధ్య ఒక పని మొదలుపెట్టాం. అమెరికా నుంచి వచ్చిన పెద్దలను పలకరించినప్పుడు, ఎప్పుడొచ్చారు అని అడిగి తేదీ రాసుకుంటున్నాం. తొమ్మిదో నెలలో ఒకసారి గుర్తు చేస్తాం. అక్కడి తెలుగు సంఘాలు చేయగలిగింది ఇంకా ఎక్కువ. ఇండియాలో ఎక్కువ కాలం ఉండవలసి వస్తుందని అనుమానం ఉన్నా, టికెట్టు కంటే ముందు ఫారం నింపించండి. దరఖాస్తు అందాక వేలిముద్రలకు పిలుపు వస్తుంది, అది కొడుకు ఇంటి చిరునామాకే వస్తుంది. వేలిముద్రలు ఇచ్చాక బయలుదేరవచ్చు. పర్మిట్ తయారవడానికి నెలలు పట్టినా, ఇక్కడి కాన్సులేట్‌లో తీసుకునేలా ఫారంలోనే కోరవచ్చు.

ఆ తల్లి సంగతి. గడువు దాటడానికి కారణం తన చేతిలో లేదని నిరూపించగలిగినవారికి ఎస్‌బీ-1 అనే రిటర్నింగ్ రెసిడెంట్ వీసా ఉంది. భర్త ఆసుపత్రి కాగితాలు, మరణ ధ్రువపత్రం అన్నీ ఒక ఫైలులో పెట్టాం. ఎనిమిది నెలలకు రుజువుంది. మిగిలిన ఆరు నెలలకు ట్రెజరీ రసీదులున్నాయి. అధికారి వాటిని తప్పనిసరి కారణంగా ఒప్పుకుంటారో లేదో తెలియదు. ఒప్పుకోకపోతే కొడుకు మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టాలి, అది తేలేదాకా ఆమె ఇక్కడే ఉండాలి. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక ఆగి, "పచ్చళ్లు పాడవకముందే ఎవరైనా వెళ్లేవాళ్లుంటే చెప్పండి అయ్యగారూ, పంపిస్తాను" అన్నారు.