సగము టీకా

కంఠసర్పి యను పేరు పట్టణములలోని విద్యావంతులు మఱచినారు. డిఫ్తీరియా యన్నచో బడిపుస్తకములో చదివిన జ్ఞాపకము కొందఱికి గలదు. మఱచుట వారి తప్పు కాదు, మఱపించినది టీకా. కాని వ్యాధి మనలను మఱవలేదు. 2018 వ సంవత్సరమున ప్రపంచమంతట నమోదైన కంఠసర్పి రోగులు 16 వేలకు పైబడిరి. వారిలో 8 వేల 7 వందలకు మించి భారతీయులే. సగమునకు పైగా మనవారే! 1953 లో హైదరాబాదున పుట్టిన బయొలాజికల్ ఇ సంస్థ ఈ వ్యాధికి టీకాను తయారుచేసి పరదేశములకు సయితము పంపుచున్నది. నూతి యొడ్డున కూర్చుండి దప్పికతో చచ్చుట యన నిదియే కాదా?

ఈ వ్యాధి యందు తెలియని రహస్యమేదియు లేదు. సూక్ష్మజీవిని 1883 లో క్లెబ్సు చూచెను. 1884 లో లోఫ్లరు పెంచి చూపెను. చిత్రమేమనగా, ఆ జీవి సామాన్యముగ గొంతును దాటి లోనికి పోదు. గొంతులో కూర్చుండియే విషమును పుట్టించి నెత్తురులోనికి వదలును. ఆ విషవిద్య కూడ దాని సొంతము కాదు, దానిని పట్టిన యొక వైరసు వలన వచ్చినది. దొంగకు మఱియొక దొంగ నేర్పిన విద్య! గొంతున బూడిదవన్నె పొర కట్టును, కదల్పబోయినచో నెత్తురు కాఱును, మెడ ఉబ్బును. పొర పెరిగి ఊపిరి యాగుట యొక మరణము. పొర వీడినది, బిడ్డ తేఱుకొనెనని ఇంటిల్లిపాది ఊపిరి పీల్చుకొనిన తరువాతి వారములలో గుండె యాగుట మఱియొక మరణము. వైద్యము జరిగినను నూటికి అయిదుగురు మొదలు పదిమంది వఱకు దక్కరు.

దీనికి విరుగుడు 1890 నాటికే దొరకినది. బేరింగు, కితసాతో యను వారలు విషము నెక్కించిన జంతువుల నెత్తురు నుండి సీరము తీయవచ్చునని చూపిరి. 1901 లో వైద్యమునకు మొట్టమొదట నిచ్చిన నోబెలు బహుమానము బేరింగునకు దక్కినది ఈ పనికే. 1923 లో రేమాను ఆ విషమునే ఫార్మలీనుతో చంపి టీకాగా మార్చెను. నూఱేండ్లు గడచినవి. ఇంక లోపము విద్యలో లేదు.

మఱి లోపమెక్కడ? సూది సగముతో నిలిచినది. బిడ్డ పుట్టిన 6, 10, 14 వారములకు మూడు సూదులు. ఈ మూడింటి లెక్కయే కచేరీలలో ముందుగ చదువబడును. నూటికి తొంబది యని సభలలో చప్పట్లు మ్రోగును. కాని ఆ రక్షణ కాలక్రమమున తగ్గిపోవును. కనుకనే ఏడాదిన్నర యీడున నొకటి, అయిదేండ్లు నిండిన పిమ్మట నొకటి, పదింట, పదునాఱింట ఒక్కొక్కటి వేయవలెనని ప్రభుత్వమే నియమము వ్రాసినది. వ్రాసి, మఱచినది. హైదరాబాదు జ్వరాల ఆసుపత్రికి, మన జనులు కోరంటి యని పిలుచుదానికి, 2003 మొదలు 2006 వఱకు వచ్చిన కంఠసర్పి రోగులను పరిశీలించి నిపుణులు 2008 లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ (సి.డి.సి.) పత్రికయందు ప్రకటించిరి. వ్యాధి మిక్కిలిగ సోకినది బడియీడు పిల్లలకే. కారణము టీకాలు పూర్తిగ పడకపోవుటయే. పదునెనిమిదేండ్ల క్రిందటనే తెలిసిన సంగతికి నేటివఱకు జవాబు చెప్పువారు లేరు!

నెక్కొండనే తీసికొందము. రైలు ఆగు ఊరు, మండలకేంద్రము, చుట్టును మిరపచేలు, పత్తిచేలు, తండాలు. చంటిబిడ్డ యున్న తల్లిని నర్సమ్మ వెదకికొని పోవును. ఆ కష్టమును మేము తక్కువ చేయము. కాని ఆ బిడ్డయే అయిదేండ్లవాడై బడికి పోవునాటికి అతడెవరి లెక్కలోనివాడు? సూది వేయించినచో రాత్రి జ్వరము వచ్చును, నిజమే. మఱునాడు మిరపకాయ లేఱు కూలి పోవును, అదియు నిజమే. ఆ తల్లిని మూర్ఖురాలని తిట్టు విద్యాధికులను మేము చాలమందిని చూచితిమి. బడిలో చేర్చునపుడు ఆధార్ కాగితము అడుగుదురే, పుట్టిన తేదీ అడుగుదురే, అయిదేండ్ల సూది పడినదా యని అడుగుటకు నోరు రాదేమి? ఆ ప్రశ్న అడుగుటకు కాసు ఖర్చు లేదు. నిర్లక్ష్యమున కెంత వెల యగునో సోవియట్ దేశములను చూచి తెలిసికొనవచ్చును. వ్యాధి అంతరించెనని నమ్మిన ఆ దేశములలో 1990 తరువాతి పదేండ్లలో లక్షన్నరకు పైగా జనులకు కంఠసర్పి సోకినది.

ఇక సీరము సంగతి. విషము కణములలో జొరకమున్నే అది పడవలెను. జొచ్చిన పిదప పడినను ఫలము లేదు. గంటలతో పందెము. అట్టి మందు 2018 సెప్టెంబరులో దేశ రాజధానియగు ఢిల్లీ నగరములోనే నిలువ లేక, పిల్లలు వరుసగ చనిపోయిరి. రాజధానికే లేనిచో నెక్కొండ గతి యేమి? 2008 లో కసౌలీ, కూనూరు, గిండీలలోని ప్రభుత్వ టీకా కర్మాగారములకు ప్రమాణములు చాలవని అనుమతులు నిలిపివేసిరి; 2010 లో ఆ యాజ్ఞను ఎత్తివేసిరి. కప్పు కాఱుచున్నదని ఇంటిని మూయుదురా, కప్పు నేయుదురా? ప్రమాణములు కావలసినదే, కాని లాభము రాని మందును ప్రైవేటు వర్తకుడు దయతో చేసిపెట్టునని నమ్మి ప్రభుత్వము చేతులు కడుగుకొనుట మాకు రుచింపదు.

నెక్కొండలో బిడ్డకు గొంతు మూసికొనినచో 108 బండి వరంగల్లు ఎం.జి.ఎం. ఆసుపత్రికి కొనిపోవును. అక్కడ నేడు సీరము సీసాలెన్ని గలవు? ఈ సంఖ్యను ఆసుపత్రి వాకిట బలపమున వ్రాసి దినదినము దిద్దుటకు ఏ చట్టము అడ్డము? జూనులో బడులు తెఱచునాటికి నెక్కొండలో అయిదేండ్లు నిండిన పిల్లలెందఱు, వారిలో సూది పడినవారెందఱు అను పట్టికను పంచాయతి గోడపై అంటింపవలెనని అధికారులను అడుగుచున్నాము. పట్టిక లేదందురా? అయినచో లేదనియే వ్రాసి, సంతకము చేసి, అంటింపుడు.