దొంగ ఎవరు అనే ముందు
(ఒక అపరాధ పరిశోధక నవలపై మా అభిప్రాయం)

నవలలు చదివితే మార్కులు తగ్గుతాయని మన హాస్టళ్లలో ఒక మాట ఉంది. డిటెక్టివ్ నవలైతే ఇక చెప్పనక్కరలేదు. స్టడీ అవర్‌లో నోట్సు మధ్య పెట్టుకుని కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్‌నీ, మధుబాబు గారి షాడోనీ చదివి దొరికిపోయిన అన్నలు ఈ సంచిక పాఠకుల్లో చాలామందే ఉంటారు. అలాంటి అన్న ఒకరు కిందటి వార్షికోత్సవానికి వచ్చి, మా పుస్తకాల బీరువాకు ఒక ఇంగ్లీషు నవల ఇచ్చి వెళ్లారు. ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు డిక్షనరీ తిరగేస్తూ, నలుగురం కలిసి రెండు నెలల్లో పూర్తి చేశాం.

నవల పేరు ‘ఎ గుడ్ గర్ల్స్ గైడ్ టు మర్డర్’. రచయిత్రి హాలీ జాక్సన్. ఇది ఆమె మొదటి నవల, 2019లో బ్రిటన్‌లో వెలువడింది. 2024లో బీబీసీలో సీరియల్‌గా కూడా వచ్చింది.

కథ లిటిల్ కిల్టన్ అనే చిన్న ఊరిలో జరుగుతుంది. ఆండీ బెల్ అనే విద్యార్థిని ఒక రాత్రి మాయమవుతుంది. కొద్ది రోజులకే ఆమె స్నేహితుడు సాల్ సింగ్ అడవిలో శవమై కనిపిస్తాడు. తప్పు తనదేనని అతని ఫోన్ నుంచి తండ్రికి మెసేజ్ వెళ్లి ఉంటుంది. ఆండీ శవం దొరకకపోయినా, సాల్ ఆమెను చంపి ఆత్మహత్య చేసుకున్నాడని పోలీసులూ ఊరూ తేల్చేస్తారు. ఐదేళ్ల తరువాత పిప్ అనే పదిహేడేళ్ల అమ్మాయి స్కూలు ప్రాజెక్టు పేరుతో ఈ కేసును మళ్లీ తవ్వుతుంది. సాల్ తమ్ముడు రవి ఆమెకు తోడవుతాడు. అసలు సంగతి ఏమిటో మేము చెప్పం. చదవబోయే తమ్ముళ్ల నోటి ముందు ముద్ద లాగేయడం న్యాయం కాదు.

ముందు మెచ్చుకోవలసినవి చెబుతాం. మొదటిది కథ చెప్పిన పద్ధతి. నవలలో సగం పిప్ రాసుకున్న ప్రాజెక్టు నోట్సే. ఎవరిని కలిసింది, ఏమడిగింది, వాళ్లేమన్నారు, అనుమానితుల జాబితాలో ఎవరు చేరారు అన్నీ మన కళ్ల ముందే ఉంటాయి. ఆమెకు తెలిసినంతా మనకూ తెలుసు. అందుకే మేము కూడా నోట్‌బుక్ వెనక పేజీలో జాబితా రాసుకున్నాం. మా నలుగురి జాబితాలూ తప్పాయి! పాత పార్టీ ఫొటోలో ఒక మూల కనబడే ఫోన్ తెర మీది టైమును పట్టుకుని పిప్ ముందుకు వెళ్లిన తీరు మాకు బాగా నచ్చింది. అందరూ అనే మాట కన్నా ఆ చిన్న అంకె గట్టి సాక్ష్యం.

రెండవది సింగ్ కుటుంబం. వారు భారతీయ మూలాలున్నవారు. సాల్ మీద కోర్టులో విచారణే జరగలేదు. చనిపోయినవాడు తన మాట చెప్పుకోలేడు. అయినా ఆ ఇల్లు ఊరికి దెయ్యాల కొంప అయిపోయింది. బడి నుంచి వచ్చే పిల్లలు పందెం కట్టి ఆ గేటు ముట్టుకుని పారిపోతారు. ఇక్కడ మేము చదవడం ఆపి కాసేపు మాట్లాడుకున్నాం. పక్క తోటలో కాయలు పోతే ‘హాస్టల్ పిల్లలే’ అన్న మాట మనలో విననివారెవరు? ఎవరు చూశారని ఎవరూ అడగరు. రవి బాధ అర్థం కావడానికి మాకు డిక్షనరీ అవసరం రాలేదు. అమెరికా ముద్రణలో ఈ కథను కనెక్టికట్‌లోని ఒక ఊరికి మార్చారు. మన మండల కేంద్రానికి మార్చినా సరిపోతుంది.

ఇక లోపాలు. ఊళ్లో ప్రతి ఒక్కరికీ ఒక రహస్యం ఉండటం, అవన్నీ ఒక్క అమ్మాయికే దొరకడం అతిగా ఉంది. చివర్లో ఒక ఇంటి పైభాగంలో బయటపడే విషయాన్ని మాలో ఇద్దరు అసలు నమ్మలేదు. పోలీసులు ఐదేళ్లలో చూడనిది ఒక విద్యార్థిని కొన్ని నెలల్లో చూడటం కథకు వీలుగా ఉందే గాని సహజంగా లేదు.

పిప్ పద్ధతులు కూడా మాకు నచ్చలేదు. రెండు కుటుంబాల జోలికీ వెళ్లవద్దని ప్రాజెక్టు చూసే టీచర్ ముందే రాసి ఇస్తుంది. పిప్ వినదు. అబద్ధాలు చెప్పి మాటలు రాబడుతుంది, ఎవరూ లేనప్పుడు చనిపోయిన అమ్మాయి ఇంట్లోకి వెళుతుంది. కథలో అది సాహసం. అదే పని మనలో ఒకడు చేస్తే తెల్లారేసరికి స్టేషన్‌లో ఉంటాడు. ఈ తేడా రచయిత్రికి తట్టినట్లు లేదు.

అన్నిటికన్నా పెద్ద లోపం ఇంకొకటి. పిప్ సాల్‌ను ఎందుకు నమ్మింది? చిన్నప్పుడు తనను ఏడిపించేవారి నుంచి అతను కాపాడాడు కాబట్టి. సాల్ బాగా చదివేవాడు, అందరితో మంచిగా ఉండేవాడు. అలాంటివాడి కోసం నిలబడటం తేలిక. ఎవరికీ నచ్చనివాడి మీద నింద పడితే ఎవరు నిలబడతారు? నవల ఈ ప్రశ్న దాకా రాలేదు. మేము మాత్రం దాన్ని తప్పించుకోలేకపోయాం.

మేము తొమ్మిదవ తరగతిలో ఉండగా ఒకరి ట్రంకు పెట్టెలోంచి మూడు వందల రూపాయలు పోయాయి. మాలో ఒకడికి కోపం ఎక్కువ, తరచూ గొడవపడేవాడు. వాడే తీశాడని ఆ రాత్రే తీర్మానించాం. వాడి పెట్టె బోర్లించాం. ఏమీ దొరకలేదు, అయినా మాట మార్చుకోలేదు. మెస్‌లో వాడి పక్కన ఎవరం కూర్చోలేదు. సంక్రాంతి సెలవులకు వెళ్లినవాడు తిరిగి రాలేదు. పరీక్షల ముందు ఆ డబ్బు పోగొట్టుకున్నవాడి సాంఘికశాస్త్రం పుస్తకం అట్ట లోపలే దొరికింది. వాడి ఊరు వెళ్లి ఆ సంగతి చెప్పే ధైర్యం మాకు అప్పుడు లేకపోయింది. వాడి ఇల్లూ ఇప్పుడు వాళ్ల వీధిలో సింగ్ గారి ఇల్లులా అయిందేమో అని ఈ నవల చదువుతూ అనుకున్నాం. ఈ సెలవుల్లో నలుగురం వెళుతున్నాం.

కాబట్టి తమ్ముళ్లూ, నవల బీరువాలో రెండవ అరలో ఉంది. లోపాలున్నా తప్పక చదవండి. అయితే ఆడపిల్లలపై జరిగే అఘాయిత్యాలు, మత్తుపదార్థాలు కథలో ఉన్నాయి గనుక తొమ్మిదవ తరగతి లోపువారు కొన్నాళ్లు ఆగడం మంచిది. చదివేటప్పుడు హంతకుడి కోసమే పేజీలు తిప్పకండి. ఈసారి హాస్టల్‌లో ఏదైనా పోయినప్పుడు, మీకు నచ్చనివాడి పేరు మీ నోటి చివరిదాకా వచ్చినప్పుడు, ఒక్క నిమిషం ఆగి ‘ఎవరు చూశారు?’ అని అడగండి. మేము ఆ రోజు అడగలేదు.

– ఇంటర్ ద్వితీయ సంవత్సరం విద్యార్థులు